మూడో మెట్టు బిరుదు

నేను నిమ్మకాయకు పుట్టినవాణ్ని. ఈ మాటంటే తిరుపతిలో మా ఆఫీసువాళ్లు నవ్వుతారు గాని, మా ఊళ్లో ఎవరూ నవ్వరు. మా ఊరు చిత్తూరుకు అరగంట దూరం, అదీ బస్సు దయతలిస్తే. అక్కడ ఏటా ఎండలు ముదిరిన రోజుల్లో పద్దెనిమిది దినాల తిరునాళ్ల జరుగుతుంది. అందులో ఒక మధ్యాహ్నం తపసుమాను. నున్నగా చెక్కిన మానును నిలువునా పాతి, కొసన చిన్న మంచె కట్టి, కింది నుంచి పైదాకా చెక్క మెట్లు కొడతారు. విల్లు భుజాన వేసుకున్న వీరుడి వేషంలో ఒకాయన పద్యాలు పాడుతూ ఆ మెట్లన్నీ ఎక్కుతాడు. పైన తపస్సు చేసి విభూతి, పూలు, నిమ్మకాయలు కిందికి విసురుతాడు. పిల్లలు లేని ఆడవాళ్లు తడిచీరలతో మాను చుట్టూ సాష్టాంగపడి ఉంటారు. మీద కాయ పడినామెకు కడుపు పండుతుందని నమ్మకం.

మాను ఎత్తు యాభై అడుగులు ఉంటుందేమో. నేను చెప్పేటప్పుడు నూటయాభై. దాని కొసన కట్టిన ఎర్రగుడ్డ తిరుమల కొండ మీదికి కనపడుతుందని ఆఫీసులో ఒకసారి చెప్పాను. ఒక అమాయకుడు నమ్మి, అలిపిరి నుంచి నడిచి ఎక్కుతూ మెట్టు మెట్టుకూ వెనక్కి తిరిగి చూసి, మెడ పట్టి నాలుగు రోజులు సెలవు పెట్టాడు.

పెళ్లయిన తొమ్మిదేళ్లకు మా అమ్మ వీపు మీద పడ్డ నిమ్మకాయకు ఫలితం నేను. ఆ కాయ గుమ్మడికాయంత ఉండిందని ఆమె చెప్పేది. కనక పెంచి చెప్పే గుణం నాకు ఎక్కడిదో వేరే వెతకనక్కర్లేదు. విసిరినాయన గురించి మాత్రం ఆమె నోరు విప్పేది కాదు. మా నాయన చెప్పాడు: ఆయన మానెక్కినంత సులువుగా జనం ఇళ్ల గోడలు కూడా ఎక్కేవాడట. ఆయన ఆడిపోయిన ఊళ్లో మర్నాడు కోళ్లు కుయ్యడానికి మిగిలేవి కావట. కోళ్లదొంగ కాయకు పుట్టినందుకే నాకు కోడికూర మీద అంత ప్రేమ అని మా ఆవిడ సిద్ధాంతం.

అందుకే, చెడ్డవాడి పాట మంచిదా కాదా అని చదువుకున్నవాళ్లు ఫోన్లలో కొట్లాడుకుంటుంటే నేను ఆ పక్కకు పోను. ఏం తేల్చినా నా పుట్టుకకు వచ్చి తగులుతుంది.

కానీ రెండేళ్ల కింద ఆ ప్రశ్న నన్ను వెతుక్కుంటూ మా ఇంటికే వచ్చింది, చేతిలో నోటీసు పట్టుకుని.

నోటీసంటే తిరునాళ్ల కరపత్రం. అది రాయడం, తపసుమాను దగ్గర మైకు పట్టుకోవడం, రెండూ నా పనులు. మా ఊళ్లో ఒక పద్ధతి ఉంది. వేషగాడు మాను దగ్గరికి రాగానే మైకులో ఒక బిరుదు చదవాలి. ఆయన ఒక మెట్టెక్కి ఒక పద్యం పాడతాడు. మళ్లీ బిరుదు, మళ్లీ మెట్టు. మానుకు ఇరవై ఒక్క మెట్లు. అంటే ఆయనకు ఇరవై ఒక్క బిరుదులు ఉండి తీరాలి. ఏ సభల్లోనూ ఎవరూ ఇవ్వరు, నేనే ఇస్తాను. దేశంలో పెద్ద పెద్ద సంస్థలు ఏడాదికి ఒకటో రెండో ఇచ్చి అలిసిపోతాయి, నేను ఒక్క పూటలో ఇరవై ఒకటి ఇచ్చి భోజనం చేసి పడుకుంటాను.

అప్పటికి పదేళ్లుగా మానెక్కుతున్నాయన అసాధ్యుడు. మనిషి పొట్టి, గొంతు మాత్రం ఆయన కంటే రెండడుగులు పొడుగు. ఆయన పద్యం ఎత్తుకుంటే చెరుకు తోటల్లో ఇంజన్లు వాటంతట అవే ఆగిపోతాయని రాశాను ఒకసారి. పెంచి రాయడం సరే, పెంచకుండా ఒకటి చెబుతాను. మా నాయన చివరి ఆర్నెల్లు మంచం మీద మా ఎవర్నీ గుర్తుపట్టలేదు. నేను ఎవరని అడిగితే "కరెంటాఫీసాయన" అనేవాడు. కానీ ఫోన్లో ఆ పొట్టాయన పద్యం పెడితే ఆయన వేళ్లు దుప్పటి మీద తాళం వేసేవి. మనిషి ఇంకా లోపలున్నాడని మాకు తెలిసింది ఆ వేళ్ల వల్లే.

కాబట్టి ఆయనకు బిరుదులివ్వడంలో నేను చెయ్యి బిగపట్టేవాణ్ని కాదు. "పద్యాల పిడుగు", "ఏడూళ్ల ఏకైక కంఠం", "మాను మీది మేఘగర్జన", ఇట్లా. ఆ ఏడు తిరుపతి ప్రెస్సులో కూర్చుని రాసిచ్చాక, ప్రెస్సాయన పెన్సిలు పెట్టి ఎంచాడు.

"అన్నా, ఇరవయ్యే ఉండాయి. పైన మూడోదానికి జాగా ఉండాది. ఏందో ఒగటి వెయ్యి, మిషను కాచుకోనుండాది."

నాకు బస్సు కాచుకుని ఉంది. పక్కన "ఏకసంథాగ్రాహి" అని ఉంది. దానికి జోడుగా బాగుంటుందని "ఏకపత్నీవ్రతుడు" అని వేశాను.

ఆయన భార్యను వదిలేశాడనీ, నాయుడుపేటలో ఇంకో ఇల్లుందనీ నాకు తెలియదా? తెలుసు. ఊరందరికీ తెలిసినంత తెలుసు. కానీ ఆ నిమిషం నాకు కావలసింది నిజం కాదు, మూడో జాగాలో ఒక ముక్క. అంతే.

తిరునాళ్లకు పదిరోజుల ముందు ఒక ఆదివారం పొద్దున ఒకామె తిరుపతిలో మా ఇంటి తలుపు కొట్టింది. నలభై ఏళ్లుంటాయి. శ్రీసిటీలో ఫోన్లకు చిన్న చిన్న భాగాలు బిగించే కంపెనీలో పని అని, పొద్దునే కంపెనీ బస్సులో పోయి పొద్దుగూకి వస్తానని చెప్పింది. చేతిలో నోటీసు నాలుగు మడతలు పెట్టి ఉంది.

"నువ్వేనా అన్నా ఇది రాసింది?"

పొగుడుతారేమోనని నేను కొంచెం చొక్కా సర్దుకున్నాను. "నేనేనమ్మా."

"ఈ మూడోది తీసెయ్యాల. ఆయన పెండ్లాన్ని నేను."

చొక్కా సర్దుకున్న చెయ్యి అక్కడే ఉండిపోయింది. మా ఆవిడ లోపలి నుంచి కాఫీ తెచ్చి, ఆమెకు ఎడమ పక్కన కూర్చుని, "యా ఊరు మ్మా మీది?" అంది. జవాబు లేదు. మళ్లీ అడిగింది. జవాబు లేదు. కోపంతో ఉందేమో అనుకున్నాం. అప్పుడామె మా ఆవిడ నోరు కదలడం చూసి గబుక్కున మెడ తిప్పి, కుడి చెవి ఇటు పెట్టింది.

"ఏమనుకోవాకక్కా. ఆ సెవి వినపడదు."

"పుట్టుకతోనేనా?"

"లేదు. ఆయన సెయ్యి తగిలి." గ్లాసు అందుకుంటూ, వాన పడింది అన్నంత మామూలుగా చెప్పింది. "ఇంట్లో పద్యం సాధకం చేస్తా ఉండె. సుర్తి జారింది. ఆడ జారింది చూడు అని చెప్పినా. మధ్యలో అడ్డమొచ్చినానని కొట్టినాడు. అంతకు ముందూ కొట్టినాడులే, ఆ దినం మాత్రం సెవి మీద పడింది. జారింది నిజమే గదన్నా మరి?"

నేను ఏం చెప్పాలి? శ్రుతి జారడం సంగతి నాకేం తెలుసు? ఆ గొంతుకు పదేళ్లుగా బిరుదులు రాస్తున్నానే గాని, అది జారగలదని కూడా నాకు తెలియదు.

"ఇన్నాళ్లూ ఆయన యాడ పాడితే నాకేం, యాడుంటే నాకేం అనుకున్నా," అంది. "మా బస్సులో ఒక పిల్ల నా పక్కన కూర్చుంటాది. పెండ్లై ఎనిమిదేండ్లు, బిడ్డల్లేరు. మొన్న ఈ నోటీసు తెచ్చి నాకు సదివి వినిపిచ్చె. అక్కా, సూడక్కా, ఎంత మంచాయనో, ఈయన విసిరిన కాయ తప్పకుండా పలిస్తాది, నేను మాను కింద పడుకుంటా, నువ్వు తోడు రా, అనె. ఆ పిల్లకు నేనెవురో తెల్దు. ఆ మూడోది రెండు మార్లు సదివిందన్నా. నా కుడి సెవిలో."

మా ఆవిడ నా వైపు చూసింది. ఆ చూపు ఎట్లాంటిదో రాయను. ఆ ఒక్కటీ పెంచి రాయడానికి వీలుకానిది.

"ఆయన్ని మానెక్కనియ్యకుండా చేయమంటావామ్మా?" అన్నాను. నిజం చెబుతున్నాను, అప్పుడు నా మనసులో ఆమె చెవి లేదు. దుప్పటి మీద మా నాయన వేళ్లు ఉన్నాయి.

"నేనా మాట అన్నానా?" ఆమె గ్లాసు కింద పెట్టింది. "పాడనీ. ఆ పాట మీకంటే ముందు విన్నదాన్ని, అది మంచిది గాదని నేనెట్ల చెప్తా? పాట పాటే. ఈ మాట మాత్రం వద్దు. ఇది అచ్చులో ఉంటే, నేను ఆయనకు ఏమీ కానట్టు గదా? నా సెవి దానంతట అదే పోయినట్టు గదా? మైకులో సదివేది నువ్వే అంట. సదవాకుండా ఊరికే ఉంటే సాలదు. తప్పని చెప్పాల."

ఆమె వెళ్లాక మా ఆవిడ అంది: "ఏమయ్యా, ఆయప్పకు ఇరవై ఒకటి ఇచ్చినావు. ఆయమ్మి అడిగింది ఒకటే."

మర్నాడే ఊరికి పోయి తిరునాళ్ల పెద్దను కలిశాను. డెబ్భై ఏళ్ల మనిషి, మీసం తెల్లబడ్డా మాట నల్లగానే ఉంటుంది. నేను చెప్పింది అంతా విని తుండుగుడ్డతో మొహం తుడుచుకున్నాడు.

"తప్పు నీదేరా అప్పా, ఒప్పుకుంటా. ఆయమ్మికి జరిగింది అన్యాయమే, అదీ ఒప్పుకుంటా. కానీ మైకులో చెప్తే ఏమవుతాది? మాను కింద అరవైమంది ఆడబిడ్డలు తడిగుడ్డల్తో పడుకోనుంటారు. వాళ్ల నమ్మకాన్ని నువ్వు మైకుపెట్టి పొడుస్తావా? ఆ ఒక్క బిరుదు మింగేసెయ్. యేరేది ఏదన్నా సదువు. నీ తావ బిరుదులకు కరువా?"

నాకు ఆయన మాట కూడా న్యాయంగానే తోచింది. అదే నాతో వచ్చిన తంటా, ఎవరు మాట్లాడితే వాళ్లది న్యాయంగా తోస్తుంది. పైగా ఆ అరవైమందిలో ఒకరి కడుపున ఇంకో నాలాంటివాడు పుట్టాల్సి ఉంటే? వాడి దారికి నేను అడ్డం పడవచ్చునా? తిరుపతి బస్సులో కూర్చుని ఇరవై ఒక్కసారి మనసు మార్చుకున్నాను, మెట్టుకొకసారి చొప్పున.

తపసుమాను నాటి ఎండ సంగతి చెప్పాలి. కాకులు నడిచి పోతున్నాయి, ఎగిరే ఓపిక లేక. ఆడవాళ్లను పడుకోబెట్టిన నేల మీద బిందెలతో నీళ్లు పోస్తున్నారు, పోసిన నీళ్లు నేలకు తగలకముందే ఆవిరైపోతున్నాయి. జనం ఐదు వేలు. సరే, రెండు వేలు. పొట్టాయన వేషం కట్టుకుని వచ్చాడు. మొహాన పచ్చరంగు, భుజాన విల్లు, పాదాలు ఉత్తవి. ఆ మాట చెప్పకపోతే తప్పవుతుంది: మానెక్కే ముందు నలభై రోజులు ఆయన చెప్పులు వేసుకోడు, ఒంటిపూట తింటాడు, నేలమీద పడుకుంటాడు. వ్రతం దగ్గర ఎప్పుడూ దొంగతనం చెయ్యలేదు. నన్ను చూసి చేతులు జోడించాడు. "బాగా సదువన్నా" అన్నాడు.

నేను మైకు పట్టుకుని జనంలో వెతికాను. ఆమె మాను దగ్గరే, తాడు కట్టిన చోట నిలబడి ఉంది. కాళ్ల దగ్గర తడిచీరలో ఒక పిల్ల పడుకుని ఉంది, బస్సు పిల్ల అయి ఉంటుంది. ఆమె మెడ తిప్పి కుడి చెవి మైకు స్తంభం వైపు పెట్టింది.

మొదటి బిరుదు చదివాను. ఆయన మొదటి మెట్టెక్కి పద్యం అందుకున్నాడు. నా ఒళ్లు గగుర్పొడిచింది, ఎప్పటిలాగే. రెండోది చదివాను. రెండో మెట్టు. పద్యం అయింది. ఆయన కుడికాలు మూడో మెట్టు మీదికి లేచి, గాలిలో ఆగింది, నా గొంతు కోసం.

నా ఎదుట వేరే బిరుదు రాసిన చీటీ ఉంది. పెద్దాయన చెప్పినట్టే రాసుకొచ్చాను. చదివితే అయిపోయేది.

"మూడోది," అన్నాను. చీటీని జేబులో పెట్టుకున్నాను. "నోటీసులో మూడో బిరుదు తప్పు. ఏకపత్నీవ్రతుడని వేశాను. ఆ బిరుదు ఈయనకు చెల్లదు. తెలిసీ, జాగా నింపడానికి రాసింది నేను. ఈయన పాట బాగా పాడతాడు. తక్కిన ఇరవై బిరుదులూ దాని గురించే. అవి నిజం. ఈ మెట్టుకు బిరుదు లేదు."

రెండువేల మంది నోరు మూసుకుంటే ఎట్లా ఉంటుందో నాకు ఆ రోజు తెలిసింది. మాను మీద కట్టిన గుడ్డ కొట్టుకోవడం వినపడింది. పెద్దాయన నా పక్కనే ఉన్నాడు, తుండుగుడ్డ నోట్లో కుక్కుకున్నాడు. పడుకున్న ఆడవాళ్లలో ఐదారు తలలు లేచాయి. బస్సు పిల్ల తల కూడా లేచింది. ఒక్కరూ మాత్రం లేచి పోలేదు.

గాలిలో ఆగిన కాలు చాలాసేపు అట్లాగే ఉంది. దిగిపోతాడు, ఇంతటితో తిరునాళ్ల మునిగింది అనుకున్నాను. ఆయన ఒకసారి కిందికి, జనంలోకి చూశాడు. తర్వాత ఆ కాలు మూడో మెట్టు మీద పెట్టాడు. బిరుదు లేకుండానే ఎక్కాడు. పద్యం ఎత్తుకున్నాడు.

తక్కిన పద్దెనిమిదీ నేను చదువుతూ పోయాను, ఆయన ఎక్కుతూ పోయాడు. ఆ పాట గురించి ఏం రాసినా నమ్మరు, నా పేరు అట్లా చెడిపోయింది. పదేళ్లలో నేను విన్నవాటిలో అదే మంచిది, అంత మాత్రం రాస్తాను. ఆమె చివరిదాకా నిలబడి వింది. మైకు వైపున్న చెవిని మాను వైపుకు తిప్పుకుంది. కళ్లు మాత్రం మాను మీద లేవు, నేల మీద ఉన్నాయి.

మంచె మీద ఆయన తపస్సు ముగించి కాయలు విసరడం మొదలుపెట్టాడు. ఒకటి తాడు దగ్గర, ఆమె పాదాల ముందు పడి రెండు దొర్లులు దొర్లింది. ఆమె వంగి తీసుకుంది. చీర కొంగుతో మట్టి తుడిచి, బస్సు పిల్ల చేతిలో పెట్టబోయింది. ఆ పిల్ల చెయ్యి వెనక్కి తీసుకుంది.

"వద్దక్కా. మైకులో అట్ల చెప్పిరే. మంచోడు గాదంట గదా."

"తీసుకో పాపా," అంది ఆమె. "సెట్టు కాసింది గదా కాయ. ఆయన కాయలేదు."

ఆ పిల్ల ఆమె మొహంలోకి కాసేపు చూసింది. ఏం అర్థమైందో తెలియదు, తడి కొంగులో కాయను మూటకట్టుకుంది.

ఊరి మొగదలకు నడుస్తూ ఆమె నా దగ్గర ఒక్క నిమిషం ఆగింది. థాంక్సు చెబుతుందేమోనని మళ్లీ నాకు ఆశ. ఈ చొక్కా సర్దుకునే జబ్బు పోదు.

"మూడో మెట్టు కాడ సుర్తి జారింది," అంది. "రవంత. ఆమీట సర్దుకున్నాడు. బాగా పాడినాడు."

రెండువేల మందిలో ఇంకెవరూ ఆ మాట అనలేదు. నాకూ తెలియలేదు. ఆమె బస్సు పిల్లను వెంటబెట్టుకుని వెళ్లిపోయింది. మర్నాడు పొద్దునే కంపెనీ బస్సు.

పొద్దు వాలుతుండగా బడి గదిలో వేషం తీస్తున్నాయన దగ్గరికి పోయాను. తిట్టినా కొట్టినా పడదామనే పోయాను. వయసులో చిన్నవాడైనా చేతులు బలమైనవి, మానెక్కే చేతులు. ఆయన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. విల్లు పక్కన పడి ఉంది. మొహాన రంగు ఇంకా అట్లాగే ఉంది, చెమటకు అక్కడక్కడా చీలి.

"వచ్చింది గదా," అన్నాడు. "పైనుంచి సూసినా. యా పక్క తిరిగి నిలబడింది? నాకు గుర్తు తెలీలా, ఎండ కండ్లల్లో కొట్టె."

ఏ పక్క అని ఎందుకడిగాడో నాకు అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది.

"కుడి చెవి నీ వైపే పెట్టింది," అన్నాను.

"కడదాకానా?"

"కడదాకా."

కొబ్బరినూనె సీసా తీసి అరచేతిలో పోసుకున్నాడు, రంగు కరిగించడానికి. "ఏమన్నా అనిందా?"

ఏదో ఒక మంచిమాట కలిపి చెప్పడం నాకెంత పని? నోటి దాకా నాలుగు వచ్చాయి. మింగేశాను.

"మూడో మెట్టు దగ్గర శ్రుతి జారిందన్నది. రవంత. తర్వాత బాగా పాడావన్నది."

ఆయన అరచేతిలోని నూనె వైపు చూస్తూ ఉండిపోయాడు. మొహానికి రాసుకోలేదు. అది వేళ్ల సందుల్లోంచి కారి పంచె మీద పడుతోంది.

"అవును," అన్నాడు. "జారింది నిజమే."